పిల్లని ఎవరు చూసుకుంటున్నారు?

2024 సెప్టెంబర్ 22న బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్లు తలపడే టోర్నీ) ముగిసిన రాత్రి, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి అసలైన సమస్య లేవదీశారు. "హారిక గెలిచిందటగా! సంతోషం. ఇంతకీ పిల్లని ఎవరు చూసుకుంటున్నారో?"

అజర్‌బైజాన్‌తో చివరి రౌండు. మొదటి బోర్డు మీద ద్రోణవల్లి హారిక, ఎదురుగా గునయ్ మమ్మద్‌జాదా. మూడు రౌండ్ల కిందట పోలండ్ మీద ఓడిన మనిషి ఇక్కడ పట్టుబట్టి గెలిచింది. మ్యాచ్ 3.5-0.5, భారత మహిళల జట్టుకు మొట్టమొదటి స్వర్ణం. ఇవన్నీ చిల్లర సంగతులు. పాపకి అన్నం ఎవరు కలిపి పెట్టారన్నది కదా తేలాల్సింది!

అదే రోజు మన వరంగల్ అర్జున్ ఇరిగేశి ఉన్న మగవాళ్ల జట్టూ స్వర్ణం కొట్టింది. వాళ్ల గురించి సెక్రటరీగారు అడిగింది ఒక్కటే: ప్రైజ్‌మనీ ఎంత? (ఒలింపియాడ్‌లో అది ఉండదు. పాపం, డీలా పడ్డారు.)

కాబట్టి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే వారికి నా మనవి. 40 ఎత్తులకు 90 నిమిషాలిచ్చి, ఎత్తుకో 30 సెకన్లు అదనంగా ఎందుకు కలుపుతున్నారు? పాలు పొంగాయేమో చూసి రావడానికేగా! ఆ మాట రూల్స్‌లో రాసేయండి. ఆర్బిటర్ (చెస్ అంపైరు) వచ్చి, "అమ్మా, గుర్రం తర్వాత కదుపుదువుగాని, మీ అత్తగారి సంతకం ఏదీ?" అనాలి. సంతకం లేకపోతే ఒక ఏనుగు జప్తు. గునయ్ గారికీ మినహాయింపు లేదు, వాళ్ల బాకూలో మాత్రం సెక్రటరీలుండరా? మన పెద్దలు ఇదంతా ముందే ఊహించారు. రాణి బోర్డంతా తిరిగితే ఇల్లేం కానని, ఆ పావుకి మంత్రి అని పేరు పెట్టేశారు.

2022లో మామల్లపురం ఒలింపియాడ్‌లో హారిక నెలలు నిండిన కడుపుతో ఆడింది. మహిళల జట్టుకు తొలి పతకం, కాంస్యం, అప్పుడే వచ్చింది. "ఈ టైంలో ఆటలేంటి?" అన్నదీ ఈ సెక్రటరీగారే. కడుపుతో ఉంటే ఇంట్లో కూర్చోవాలి, కన్నాక పిల్ల దగ్గర కూర్చోవాలి. మరి ఆడేదెప్పుడయ్యా? పదమూడేళ్లప్పుడు, 2004లో, మొదటిసారి ఈ టోర్నీలో కూర్చున్న గుంటూరమ్మాయి. ఇరవయ్యేళ్లు ఆడితే వచ్చిన బంగారం అది. దాన్ని చూసి నోట్లోంచి వచ్చే మాట ఇదా? సిగ్గుండక్కర్లా?

లిఫ్ట్ వచ్చింది. ఊరుకోలేక, "మీ చిన్నవాడు ఇప్పుడు ఏ క్లాసండీ?" అన్నాను.

"ఏడు... కాదు, ఎనిమిదేమో. ఉండండి," అని ఫోన్ తీసి వాళ్లావిడకి కలిపారు.