ముక్కుతో చూసేవాళ్లు

బెంగళూరులో ఫోటోలను కళ్లతో చూడటం దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు ముక్కుతో చూస్తున్నారు. నమ్మకం లేకపోతే ఒక శనివారం కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్‌కు వెళ్లండి. ఐదడుగుల ప్రింట్లు వేలాడదీసిన ప్రదర్శన ఏదైనా ఉంటే లోపలికి తొంగిచూడండి. గది మధ్యలో నిలబడి చూసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. పాపం, వాళ్లకు ఫోటోగ్రఫీ తెలియదు. తెలిసినవాళ్లంతా గోడకు అతుక్కుని ఉంటారు.

మొన్న అలా అతుక్కున్న ఒక పెద్దమనిషిని చూసే భాగ్యం కలిగింది. ఫోటోలో వాన. వానలో గొర్రెల కాపరి, అతని గొంగళిలోంచి తల బయటపెట్టిన గొర్రెపిల్ల. ఈయన మాత్రం ఎడమవైపు కింది మూల దగ్గర వంగి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బురదను పరీక్షిస్తున్నాడు. చాలాసేపటికి నడుము ఎత్తి, పెదవి విరిచి, "కార్నర్స్ సాఫ్ట్" అని తీర్పు చెప్పాడు, అంటే మూలల్లో షార్ప్‌నెస్ చాలలేదట. గొర్రెపిల్ల ఎలా ఉందండీ అని అడిగాను. "ఏ గొర్రెపిల్ల?" అన్నాడు.

మన దక్షిణాదిలో అద్వైతం పుట్టింది, విశిష్టాద్వైతం పుట్టింది, ద్వైతం పుట్టింది. నాలుగోది ఐటీ కారిడార్‌లో పుట్టింది. దీనికి భాష్యాలు లేవు, ఉన్నది ఒకటే సాధన: ఫోటోను కంప్యూటర్‌లో నూరు శాతం జూమ్ చేసి, వెంట్రుక వెంట్రుకా విడిగా కనిపిస్తోందా లేదా అని చూడటం. కనిపిస్తే మోక్షం, కనిపించకపోతే కొత్త లెన్సు.

ఈ సాధన ఎంత కఠినమో తెలియాలంటే సర్జాపూర్ రోడ్డులో మా బావ గృహప్రవేశం గురించి చెప్పాలి. వరసకే బావ, దూరపు చుట్టం. కొత్త ఫ్లాట్, కొత్త సోఫా, సోఫాకు ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. దాని పైగోడకు ఐదడుగుల వెడల్పున కబిని అడవి చిరుతపులి. తీసింది బావే, 61 మెగాపిక్సెళ్ల కెమెరాతో. ఆ మాట వాచ్‌మన్‌తో సహా వచ్చినవాళ్లందరికీ గుమ్మంలోనే చెప్పేశాడు.

పాలు పొంగాయి. లోపల సత్యనారాయణ వ్రతం నడుస్తోంది. హాల్లో మాత్రం ఇంకో వ్రతం. "దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుందండీ, దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి" అని బావ ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. మధ్యలో సోఫా ఉంది కాబట్టి దగ్గరికి రావడమంటే సోఫా ఎక్కడమే. పట్టుచీరలవాళ్లు ఎక్కారు, పంచెలవాళ్లు ఎక్కారు. ప్లాస్టిక్ మీద మోకాళ్లు జారి ఒకాయన చిరుత మీద చెయ్యి వేస్తే బావ గుండె పట్టుకుని "వేలిముద్రలు, వేలిముద్రలు!" అని కేకపెట్టాడు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా మేనత్తను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. "మీసం చూడండి అత్తయ్యా, ఒక్కో మీసం లెక్కపెట్టొచ్చు!" అన్నాడు బావ. "చిరుతకు మీసాలుంటే మంచిదే నాయనా, ముందు నన్ను దించు" అంది ఆవిడ.

ఇంతకూ ఆ చిరుత ఏం చేస్తోంది? ఏమీ చేయట్లేదు. కొమ్మ మీద పడుకుని, ఈ సఫారీ జీపు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తోంది. ఆ ముఖంలోని భావం ఆ రోజు హాల్లో చాలామంది ముఖాల్లో కూడా ఉంది. బావకు భావంతో పనిలేదు. ఆయన గర్వమంతా చిరుత కుడికంట్లో ఉంది. ఆ కంట్లో జీపు కనిపిస్తుందట, జీపులో టోపీ పెట్టుకుని తాను కనిపిస్తాడట. ఐదడుగుల అడవిలో ఆయన వెతికి పట్టుకున్నది తన టోపీని.

అంతలో బావ ఆఫీసు స్నేహితుడొకడు షూ విప్పి, సోఫా ఎక్కి, ఫోన్ లైటు వేసి, చిరుత కంటికి తన కన్ను ఆనించాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. అతను మెల్లగా దిగి, చావు కబురు చెప్పే గొంతుతో అన్నాడు: "అది జీపు కాదండీ. నాయిస్, ఉత్త చుక్కల గందరగోళం. ఫోకస్ కంటి మీద లేదు, చెవి మీద పడింది."

బావ ఆ పూట భోజనం చేయలేదు. అక్కయ్య నన్ను పక్కకు పిలిచి కళ్లనీళ్లు పెట్టుకుంది. వాస్తు దోషమైతే శాంతి చేయిస్తాం, ఫోకస్ దోషానికి ఏం చేయించాలి అని ఆమె బాధ. పంతులుగారిని అడిగాం. ఆయన కూడా ఒకసారి సోఫా ఎక్కి చూశారు.

సరే, కోపాలు మాని లెక్క చూద్దాం, లెక్కలంటే ఈ మతంవాళ్లకు ఇష్టమే కదా. 6/6 చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కంటే సన్నని వివరాన్ని విడదీసి చూడలేదు. ప్రింటును చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూస్తే, ఆ కన్ను అంగుళానికి 290 చుక్కల దాకా పట్టుకుంటుంది. ఫోటో ప్రింటు చేసే ల్యాబ్‌లో ప్రతివాడూ జపించే 300 అంకె అక్కడిదే, అది చేతిలో పట్టుకునే ఫోటోకు పెట్టిన లెక్క. అదే కన్ను హాలుకు అవతలి గోడ దగ్గర, పది అడుగుల దూరంలో కూర్చుంటే అంగుళానికి 29 చుక్కలు చాలు. ఐదడుగుల వెడల్పుకు 1,740 చుక్కలు, అందులో మూడింట రెండొంతులుండే ఎత్తుకు 1,160. గుణిస్తే 20 లక్షలు, అంటే 2 మెగాపిక్సెళ్లు. మిగతా 59 మెగాపిక్సెళ్లను బావ ముక్కు కోసం కొన్నాడు. ఈఎంఐలో సింహభాగం ముక్కుదే. పాత 24 మెగాపిక్సెళ్ల కెమెరా అమ్మేసి ఇది కొన్నందుకు రెండున్నర రెట్లు లాభమనుకుంటున్నాడు. ఫోటో వెడల్పున చూస్తే 6,000 చుక్కలు 9,504 అయ్యాయి, అంటే ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పొద్దు, అసలే భోజనం మానేస్తున్నాడు.

లేదు, మా కళ్లు గద్ద కళ్లు అంటారా? అటూ ఇటూ రెట్టింపు చేసుకోండి, 8 మెగాపిక్సెళ్లు అవుతుంది. 2015లో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 6తో జనం తీసిన ఫోటోలను దేశదేశాల్లో హోర్డింగుల మీదికి ఎక్కించింది. ఆ ఫోన్ కెమెరా 8 మెగాపిక్సెళ్లదే. కింద రోడ్డు మీద వెళ్లేవాళ్లెవరూ నిచ్చెన తెచ్చుకోలేదు. అంతదాకా ఎందుకు, 2018లో హైకోర్టు అక్షింతలు వేశాక తీయించే దాకా మన బెంగళూరు కూడళ్లన్నీ ఫ్లెక్సులే కదా. దగ్గరికి వెళ్తే నాయకుడి చెంప చుక్కలు చుక్కలుగా విడిపోయేది. జన్మదిన శుభాకాంక్షలు సాఫ్ట్‌గా ఉన్నాయని ఒక్క కార్యకర్త ఫిర్యాదు చేశాడా?

పాతవాళ్లు అదృష్టవంతులు, ఈ ముక్కులు పుట్టకముందే పోయారు. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. 48వ ఏట చేతికి కెమెరా వస్తే అంచులు కరిగిపోయేలా మనుషుల ముఖాలు తీసింది. ఫోకస్ చేయడం రాదని ఆ కాలం విమర్శకులు ఆమెను ఎకసెక్కం చేశారు. 1867లో ఆమె ముందు కూర్చున్నవాళ్లలో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఒకరు. ఫోటో చెరిగిపోకుండా హైపో అనే రసాయనంతో నిలబెట్టవచ్చని తేల్చిన మనిషి ఆయన. ఆ చిత్రంలో ముసలాయన తెల్లజుట్టు చీకట్లోంచి పొగలా లేస్తుంది, కళ్లు మాత్రం మనల్ని వదలవు. యుద్ధ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ ఒడ్డున, సైనికులతో పాటు నీళ్లలో దిగి, తుపాకీ గుండ్ల మధ్య తీసిన ఫోటోలు అలుక్కుపోయి ఉంటాయి. మన పరిషత్ పెద్దమనిషి ఆ రోజు అక్కడుంటే, ట్రైపాడ్ ఎందుకు తేలేదని కాపాను నిలదీసేవాడు.

షార్ప్‌నెస్ అక్కర్లేదని అనేంత మూర్ఖుణ్ని కాను. పెళ్లి గ్రూపు ఫోటో పెద్దది చేయించి గోడకు పెడితే, మూడో వరసలో పెద్దమ్మ ఎక్కడుందో వెతకడానికి ముక్కు ఆనించని తెలుగువాడు లేడు. అక్కడ ముఖాలు తేటగా ఉండాల్సిందే. రాజా దీన్‌దయాళ్ నిజాం కాలంలో గాజు పలకల మీద తీసిన దర్బారు చిత్రాల్లో తలపాగాల మడతలు చూడటానికి దగ్గరికి వెళ్లడం న్యాయమే, అవి అలా చూడమనే పిలుస్తాయి. చెయ్యి వణికి చెడిన ఫోటో పెద్ద ప్రింటులో ఇంకా పెద్దగా చెడుతుంది, అదీ నిజమే. దానికి మందు ట్రైపాడ్. అయినా లక్షల లెన్సుకు బేరమాడనివాడు ట్రైపాడ్ దగ్గరికి వచ్చేసరికి "చేత్తో మేనేజ్ చేస్తా" అంటాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇకపైన నాకు నవ్వు రావడం లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. వాళ్లమ్మ పోయింది. ఆమె జన్మకంతా ఉన్నది ఒకటే ఫోటో, ఎవరిదో పెళ్లిలో వెనక వరసలో నిలబడ్డది, ముఖం గోరంత. పెద్దకర్మకు దండ వేయడానికి దాన్ని రెండడుగులు చేయించమని ఒక ల్యాబ్‌కు ఇచ్చాడు. ల్యాబ్ కుర్రాడిది మదనపల్లె, మంచివాడే. "ఇంత చిన్నది పెద్దది చేస్తే పగిలిపోతుంది అంకుల్, ఏఐలో వేసి షార్ప్ చేసిస్తా" అన్నాడు. చేసిచ్చాడు. వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. పళ్లు తెల్లగా, వరసగా ఉన్నాయి. పొర కమ్మిన ఎడమ కన్ను తళతళలాడుతోంది. నుదుటి మీది పచ్చబొట్టు లేదు, యంత్రం దాన్ని మురికి అనుకుంది.

"ఎవురప్పా ఈమె?" అన్నాడు పెద్దాయన.

"మీ అమ్మగారే అంకుల్. ఇప్పుడు షార్ప్‌గా ఉంది కదా?"

"మాయమ్మ యాడుందప్పా దీంట్లో?"

ఇది షార్ప్ చేయడం కాదు, అబద్ధం ఆడటం. లేని వివరాన్ని యంత్రం వెనక్కి తేలేదు, తాను ముందు చూసిన ముఖాల్లోంచి ఒకటి అతికిస్తుంది. 2020లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన పల్స్ అనే ప్రోగ్రాముకు ఒబామా ఫోటోను చుక్కలు చుక్కలుగా చేసి ఇస్తే, శుభ్రంగా, షార్ప్‌గా ఒక తెల్లవాడి ముఖం ఇచ్చింది. దేశాధ్యక్షుడి గతే అదైతే, కూలికి పోయి కొడుకును చదివించిన హిందూపురం ముసలమ్మను ఆ యంత్రం ఎప్పుడు చూసింది? ఆమెలాంటి ముఖం దానికి ఎవరు చూపించారు? పేదవాళ్ల ఇళ్లలో ఉండేవే ఇలాంటి ఫోటోలు: రేషన్ కార్డులోది, ఓటరు కార్డులోది, ఎవరి పెళ్లిలోనో వెనక నిలబడ్డది. మసకగా ఉండటం వాటి తప్పు కాదు. కెమెరా వాళ్లవైపు తిరగలేదు, అంతే. ఇప్పుడు ఆ మిగిలిన గోరంత ముఖాన్ని కూడా క్వాలిటీ పేరుతో చెరిపేసి, ఎవరో తెలియని ఆడమనిషిని గోడకెక్కించి, ఆమెకు దండ వేయమంటారా? ఈ ముక్కుల తృప్తి కోసం ఒక కొడుకు తల్లిని మార్చుకోవాలా? సిగ్గుండాలి.

పెద్దాయన పాత ఫోటోనే ఉన్నదున్నట్టు పెద్దది చేయమన్నాడు. కుర్రాడు తలగోక్కుని, క్వాలిటీకి ల్యాబ్ బాధ్యత లేదని రాసి ఉన్న కాగితం ముందు పెట్టాడు. ఆయన తెలుగులో సంతకం చేశాడు. రెండడుగుల ప్రింటులో ముఖం మసకగానే ఉంది. గుమ్మంలోంచి చూసిన చుట్టాలు మాత్రం ఆమెను గుర్తుపట్టి ఏడ్చారు.

పెద్దకర్మ నాడు ఇస్తరాకుల ముందు కూర్చోబోతూ ఒకాయన ఆ ఫోటో దగ్గరికి వెళ్లాడు. దండ కాస్త పక్కకు జరిపి, ముక్కు ఆనించి, "ఏ ఫోన్‌తో తీశారండీ? డీటెయిల్ అసలు లేదే" అన్నాడు. ఆయనకు కూడా రెండోసారి వడ్డించి, తాంబూలం ఇచ్చి పంపారు. హిందూపురంవాళ్లు మర్యాదస్తులు.