చచ్చే మిత్రుడు కావలెను

చారిత్రక నవలలు రాసేవారికి ఒక విన్నపం. మీ విప్లవకారుల్లో ఎవరు పోతారో మాకు రెండో అధ్యాయంలోనే తెలిసిపోతోంది. కాస్త దాచండి.

ఎప్పుడూ ఇద్దరు మిత్రులే. ఒకడు గంభీరుడు, గడ్డం నిమురుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. రెండోవాడు జోకులేస్తాడు, పాటలు పాడతాడు, వాడికి ఆకలెక్కువ. ఆ రెండోవాడి మీద ఆశలు పెట్టుకోకండి. వాడు నవ్విన ప్రతిసారీ రచయిత వాడి పాడెకి వెదుర్లు కొట్టుకొస్తున్నాడని అర్థం.

ఆఖరి రాత్రి వస్తుంది. తెల్లారితే యాక్షన్. రహస్య స్థావరంలో దీపం పెట్టకూడదు. అయినా పెడతారు, లేకపోతే కళ్ళల్లో మెరుపు ఎలా కనిపిస్తుంది? బయట వాన, అది ఏ నెలైనా సరే. "స్వరాజ్యం వచ్చాక ఏం చేస్తావురా?" అంటాడు గంభీరుడు. ఈ ప్రశ్న వినగానే గోడ దూకి పారిపోవాలని దళంలో మొదటి రోజే నేర్పించాల్సింది. మనవాడు పారిపోడు. "ఊరెళ్ళి అమ్మ చేతి ముద్ద తింటా" అంటాడు. అయిపోయింది. అమ్మని తలుచుకున్నాక బతికి బట్టకట్టినవాడు ఏ నవల్లోనూ లేడు. అంతటితో ఊరుకుంటాడా? జేబులోంచి మరదలి ఫొటో తీస్తాడు! మర్నాడు తూటా సరిగ్గా ఆ జేబులోంచే వెళ్తుంది. ఇక మిత్రుడి ఒళ్ళో తల పెట్టుకుని మూడు పేజీలు మాట్లాడతాడు. పోలీసులు పాపం మర్యాదస్తులు, ఉపన్యాసం పూర్తయ్యేదాకా చెట్టు చాటున ఆగుతారు.

ఇప్పుడు జరిగిన కథ చూడండి. 1929లో దిల్లీ అసెంబ్లీలో బాంబు వేయడానికి భగత్ సింగ్ వెళ్ళకూడదని వాళ్ళ విప్లవ దళం కేంద్ర కమిటీ మొదట తేల్చింది. లాహోర్ పోలీసు అధికారి సాండర్స్ హత్య మెడ మీద ఉంది, దొరికితే ఉరే. ఆ సమావేశంలో సుఖ్‌దేవ్ లేడు. తర్వాత వచ్చి, ప్రాణమిత్రుణ్ణి హమ్మయ్య అని కౌగిలించుకోలేదు. పిరికివాడివన్నట్టు ఎత్తిపొడిచాడు, ఆడపిల్ల మోజులో పడ్డావన్నాడు. భగత్ సింగ్ పట్టుబట్టి నిర్ణయం మార్పించుకున్నాడు. ఏప్రిల్ 8న బాంబు వేశాడు. అంతకు ముందే, ప్రేమ మనిషిని దిగజార్చదని వాదిస్తూ సుఖ్‌దేవ్‌కి ఉత్తరం రాశాడు. సుఖ్‌దేవ్ అరెస్టైనప్పుడు అది పోలీసులకి దొరికింది. జైల్లోనూ ఇద్దరికీ వాదనలే. ఏళ్ళ తరబడి మగ్గడం కంటే ఆత్మహత్య నయమని సుఖ్‌దేవ్, అది తప్పని భగత్ సింగ్. 1931 మార్చి 23న రాజ్‌గురుతో పాటు ఇద్దర్నీ లాహోర్లో ఉరితీశారు.

ఒక మిత్రుడి మాట ఇంకో మిత్రుణ్ణి ఉరికంబం దాకా నడిపించింది. రాయగలిగినవాడికి ఇంతకంటే ఏం కావాలి? అబ్బే, ఇందులో ఇద్దరి మనసుల్లోకీ దూరాలి. వానైతే సులువు.

ద్రోహి సంగతీ అంతే. నవల్లో వాడికి మొదట్నుంచీ పక్కచూపులు. లాహోర్ కేసులో అప్రూవర్‌గా మారి, తోటివాళ్ళ మీదే సాక్ష్యం చెప్పిన జైగోపాల్ సాండర్స్ హత్యలో స్వయంగా పాల్గొన్నవాడు. అతని చూపులో ఏ తేడా ఉందని నమ్మారు మరి?

సరే, ఇవన్నీ క్షమిస్తాను. బటుకేశ్వర్ దత్ విషయంలో మాత్రం క్షమించను. అసెంబ్లీలో భగత్ సింగ్ పక్కన నిలబడి బాంబు వేసింది ఆయనే. ఆయనకి పడింది ఉరి కాదు, ద్వీపాంతరవాసం. ఉరిశిక్ష పడ్డాక 1930లో భగత్ సింగ్ ఆయనకి ఉత్తరం రాశాడు. నేను పోతాను, నువ్వు బతుకుతావు, విప్లవకారులు చావడమే కాదు, బతికుండి ఎన్ని కష్టాలైనా తట్టుకోగలరని చూపించు అని దాని సారాంశం. దత్ చూపించాడు. అండమాన్ చూశాడు, క్విట్ ఇండియాలో మళ్ళీ జైలుకెళ్ళాడు, స్వతంత్రం వచ్చాక పట్నాలో పొట్ట గడవడానికి నానా అవస్థలూ పడ్డాడు. 1965లో దిల్లీ ఆసుపత్రిలో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన కోరిక ప్రకారమే పంజాబ్‌లోని హుస్సేనీవాలాలో, ఉరితీసిన ఆ ముగ్గుర్నీ దహనం చేసిన చోటే దహనం చేశారు.

ఆ ముప్పై నాలుగేళ్ళు మీకెందుకు కనపడవు? చచ్చినవాళ్ళ మీద కన్నీళ్ళు అమ్ముకుంటారు, బతికినవాణ్ణి బాంబు వేసిన పేజీలోనే వదిలేస్తారా? భగత్ సింగ్ అంతటివాడు మిత్రుణ్ణి అడిగిందేమిటి, మీరు రాస్తున్నదేమిటి? ఆ మనిషి పట్నాలో ఏం తిన్నాడో, ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడో కనుక్కుని ఒక్క అధ్యాయం రాయండి చూద్దాం.