స్టీవియా కాడల కషాయంతో షుగర్ మాయమా?

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ తెలుగు గ్రూపుల్లో ఎక్కడ చూసినా స్టీవియా (చక్కెర బదులు వాడే తీపి ఆకుల మొక్క) మీద ఇదే మెసేజ్. "స్టీవియాలో తీపి తీసేశాక కంపెనీలు పారేసే కాడలు, పిప్పిలోనే అసలు మందు ఉంది. రెండు గుప్పిళ్లు లీటరు నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి పరగడుపున తాగితే 15 రోజుల్లో హెచ్‌బీఏ1సీ 9 నుంచి 6కి దిగుతుంది. మాత్రలు మానేయొచ్చు. క్యాన్సర్ రాదు, జపాన్‌లో నిరూపించారు. కంపెనీలు దాస్తున్నాయి."

దాస్తున్నారా? పిప్పి మీద పరిశోధనా పత్రాలు నెట్ నిండా ఉన్నాయి. ఇక దాచేదేముంది!

జపాన్ సంగతి. 2025లో హిరోషిమా యూనివర్సిటీ వాళ్లు స్టీవియా ఆకుల సారాన్ని (కాడలది కాదు) లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాతో పులియబెట్టి, ల్యాబ్‌లో పెంచిన ప్యాంక్రియాస్ క్యాన్సర్ కణాల మీద వేసి చూశారు. కణాలు చచ్చాయి. అది మనిషి తాగి చూసిన పరీక్ష కాదు.

"సహజం కాబట్టి హాని లేదు" అంటారా? అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అభ్యంతరం చెప్పనిది కనీసం 95 శాతం శుద్ధి చేసిన స్టీవియాల్ గ్లైకోసైడ్‌లకే (ఆకులోని తీపి పదార్థాలు ఇవే). ముడి ఆకును, ముడి సారాన్ని తీపికి వాడటానికి ఒప్పుకోలేదు. కాడలు సరిగ్గా ఆరకుండా కవర్లో కడితే బూజు పడుతుంది. బూజు విషాల్లో అఫ్లటాక్సిన్ లాంటివి నీళ్ల మరుగుకు పోవు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పిప్పిలో షుగర్‌కి మంచిదని చెప్పుకునే క్లోరోజెనిక్ ఆమ్లం, దాని జాతి పదార్థాలు నిజంగానే ఉన్నాయి. పారేసేదాన్ని వాడుకుందామన్న ఆలోచనా మంచిదే. కాకపోతే ఆ ఆమ్లం మీ పొద్దుటి ఫిల్టర్ కాఫీలోనూ ఉంది, బెంగళూరులో షుగర్ మాత్రం తగ్గలేదు. పైగా సగమయ్యేదాకా మరిగిస్తే అందులో కొంత విరిగిపోతుంది కూడా.

ఇక అసలు పాయింటు. హెచ్‌బీఏ1సీ చెప్పేది గత రెండు మూడు నెలల సగటు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. పదిహేను రోజుల్లో 9 కాస్తా 6 అయిందంటే కషాయం గొప్పా, ల్యాబ్ తప్పా? పోనీ కణాలన్నీ మూకుమ్మడిగా రాజీనామా చేశాయా?

మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) ఆపితే ఆ రోజే ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, షుగర్ మెల్లగా ఎక్కుతుంది. ఏమీ కాలేదుగా అని రెండో డబ్బా కాడలు కొంటారు. ఇన్సులిన్ సంగతి వేరు. టైప్ 1 వాళ్లు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే కీటోయాసిడోసిస్ (కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని ప్రాణం మీదికి తెచ్చే స్థితి) రావచ్చు: వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస. దీన్నే ఆ మెసేజ్ కింద కామెంట్లలో "ఒంట్లో విషం బయటికి పోతోంది" అంటున్నారు. ఇంట్లో ఎవరైనా ఈ కషాయం నమ్మి ఇన్సులిన్ ఆపి ఉంటే, వాంతులు అయ్యేదాకా చూడకండి. ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేసి, షుగర్, కీటోన్ల పరీక్ష చేయించండి. వాంతులు మొదలైతే నేరుగా ఎమర్జెన్సీకే.