సగం దారికే మైత్రీ యాత్రా?

జెంగ్ హె తొలి యాత్రకు బయల్దేరిన జులై 11 వస్తే చాలు, చైనాలో మళ్లీ ఆయన భజన. 1405 నుంచి 1433 దాకా ఏడుసార్లు హిందూ మహాసముద్రాన్ని చుట్టిన ఈ మింగ్ వంశకాలపు నౌకాధిపతి పోయిన దారిన పోదామంటూ నమూనా ఓడలు కడతారు, రేవు రేవునా ‘మైత్రి’ ప్రసంగాలు దంచుతారు. ఆ యాత్రల రికార్డుల్ని కాల్చారో దాచారో, మింగ్ కొలువు ఆయన్ని మరుగున పడేసింది. ఇప్పటివాళ్లు సగమే గుర్తుపెట్టుకుంటున్నారు.

శ్రీలంకలోని గాల్ శాసనమే చూడండి. 1409 తేదీ వేసి చైనా నుంచి తెచ్చిన రాయి. 1911లో గాల్ పట్టణంలో కల్వర్టుకు కప్పిన బండగా బయటపడింది, ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో విష్ణుమూర్తికి, పర్షియన్‌లో అల్లాకు కానుకలు. ముగ్గురికీ ఇంచుమించు సమానమే. ముచ్చటైన మర్యాద! ఉపన్యాసాలు సరిగ్గా ఇక్కడే ఆగిపోతాయి. 1411లో అదే జెంగ్ హె అదే లంకలోని కోట్టె పాలకుడు అళగక్కోనారను కుటుంబంతో సహా పట్టి అప్పటి చైనా రాజధాని నాన్‌జింగ్‌కు తరలించాడన్న మాట ఎవరి నోటా రాదు. అంతకు ముందు 1407లో సుమత్రా దీవిలోని పాలెంబాంగ్‌లో సముద్రపు దొంగల నాయకుడన్న పేరుతో చెన్ జూయిని బంధించి, అయిదు వేల మందిని చంపిన సంగతీ అంతే.

పోర్చుగీసుల్లా దేశాలు ఆక్రమించలేదు కదా అంటారు. నిజమే. ఆ తేడా తేడానే. అంతమాత్రాన ఫిరంగులు మోసిన ఓడలు తీర్థయాత్ర ఓడలైపోవు.

నిజంగా ఆ దారే పట్టేవారైతే ముందు గాలి లెక్క నేర్చుకోవాలి. ఆఖరి యాత్రలో నౌకాదళం 1431 ఏప్రిల్‌లో ఫూజియన్ తీరంలోని చాంగ్‌లె చేరింది. ఈశాన్య గాలి కోసం నెలల తరబడి అక్కడే లంగరు వేసి, 1432 జనవరి 12న తెరచాప ఎత్తింది. జావా దీవిలోని సురబయలోనే నాలుగు నెలలు నిలిచిపోయింది. డిసెంబరు 10కి కోళికోడ్, 1433 జనవరి 17కి పర్షియన్ గల్ఫ్ ముఖాన ఉన్న హోర్ముజ్. పోవడానికి ఏడాది. మార్చి 9న వెనుదిరిగితే జులై 7కి యాంగ్జీ ముఖద్వారం: రావడానికి నాలుగు నెలలు.

27 వేల పైచిలుకు మంది అన్ని నెలలు పరాయి రేవుల్లో కూర్చుంటే ఏమవుతుంది? మలక్కాలో ఏమైందో వెంట వెళ్లిన దుబాసీ మా హువాన్ రాసిపెట్టాడు: కోటగోడలా కర్రల దడి, నాలుగు ద్వారాలు, నగారా బురుజులు, రాత్రంతా గంట కొడుతూ గస్తీ, లోపల ఇంకో దడి, దాని లోపల గిడ్డంగులు. గాలి మళ్లేదాకా సరుకంతా అక్కడే. ఇంజన్ పెట్టుకుని రెండ్రోజులు రేవులో ఫొటోలు దిగిపోయే నమూనా ఓడకు ఈ దడి కనపడదు. కనపడకూడదనే కాబోలు.

1025లో సుమత్రా రాజ్యం శ్రీవిజయపై చోళుల దాడిని మనం మైత్రి అన్నా అంతే తప్పు.

పాపం, జెంగ్ హెకు ఈ మొహమాటం లేదు. 1431లో చాంగ్‌లెలో తానే నిలిపిన శిలలో, ఎదిరించిన రాజుల్ని ప్రాణాలతో పట్టుకున్నామని బాహాటంగా చెక్కించాడు. సింహళ రాజు సంగతీ అందులో ఉంది. గాల్ రాయిని మూడు భాషల్లో చెక్కించినవారి వారసులకు ఈ రాతికి సింహళ అనువాదం ఒక్కటి అచ్చేయించడం బరువా? మైత్రి యాత్ర అంటూ ఈసారి శ్రీలంక రేవులో దిగేటప్పుడు ఆ ప్రతి చేతిలో పట్టుకుని దిగండి.