యుద్ధపటంలోని నల్ల డబ్బాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ నల్ల డబ్బా గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగడం ఉత్త మర్యాదకే లెండి. చరిత్ర పుస్తకంలో ఏ యుద్ధం పేజీ తీసినా మీరు నిక్షేపంలా ఉంటారు. నాలుగు మూలలూ తొంభై డిగ్రీలు, కింద ‘గ్రీకు సైన్యం’ అని పేరు, ముందు ఒక బాణం గుర్తు. అది ఎటు చూపిస్తే అటు వెళ్ళిపోతారు. చెమట పట్టదు, దాహం వెయ్యదు, కాలు మడత పడదు.

మీ లోపల మనుషులున్న సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. పాతకాలపు కొలతలతో డాళ్ళు, ఈటెలు చేయించుకుని, అవి మోస్తూ వరసల్లో నిలబడి చూసే రీఎనాక్టర్లని కొందరున్నారు. యూరప్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా వాళ్ళది ఇదే పని. వాళ్ళ నడుం నొప్పుల సాక్షిగా మీ మీద కొన్ని ఫిర్యాదులు.

ముందు మీ ఒడ్డూ పొడుగూ చూద్దాం. వెయ్యిమంది హోప్లైట్లు, అంటే డాలూ ఈటే పట్టిన గ్రీకు కాల్బలం, ఎనిమిది వరసల లోతు అనుకుందాం. ముందు వరసలో 125 మంది. డాలు అడ్డకొలత సుమారు 90 సెంటీమీటర్లు. మనిషికి అంతే చోటిస్తే మీ వెడల్పు 112 మీటర్ల పైచిలుకు. బాగుంది, ఇక నడవండి. రాయీ రప్పా ఉన్న చేలో ఒక్కొక్కడూ పక్కవాడికి పది సెంటీమీటర్లు, అంటే అర జానెడు, ఎడమయ్యాడంటే మీ ఒళ్ళు పన్నెండున్నర మీటర్లు పెరిగిపోతుంది. పోనీ ఆ పెరిగిన చోటుని అందరూ సమానంగా పంచుకుంటారా అంటే అదీ లేదు. బురదగుంట ఎదురైన చోటో, ఒకడు కాళ్ళకేసి చూసుకుంటూ వెనకబడ్డ చోటో చీలిక పడుతుంది. శత్రువు చూసేది ఆ చీలికనే.

ఇక మీరు తిరిగే సొగసు. పటంలో మీరు తలుపులా తిరుగుతారు. లోపలి కొసన ఉన్నవాడు నిలబడ్డ చోటే తిరిగితే, తొంభై డిగ్రీలకి బయటి కొసవాడు 176 మీటర్లు నడవాలి. ఇద్దరూ ఒకేసారి ముగించాలి. బయటివాడు పరుగందుకుంటే వాడి వెనకున్న ఏడుగురూ చెల్లాచెదురు. తాపీగా వస్తే మధ్యభాగం పొట్టలా ముందుకి పొడుచుకొస్తుంది. ముప్ఫై మందిని ఒకే వరసలో పెట్టి తిప్పినా ఆ పొట్ట కనబడుతుంది. ఉన్నంతలో సులువైన దారి ఒకటుంది. వరసంతా ఒక్కసారి తిప్పకుండా, ఒకడి వెనక ఒకడుగా ఉన్న ఎనిమిదేసి మందిని విడివిడిగా నడిపించి కొత్త గీత మీద నిలబెట్టడం. బాణం గుర్తులో ఇదంతా పట్టదు, నిజమే.

కుడివైపు జారుడు గురించి మీరు ఎన్నడూ నోరు విప్పలేదు. గ్రీకు డాలుకి మధ్యలో కంచు పట్టీ ఉంటుంది, ఎడమ మోచెయ్యి అందులోకి దూరుతుంది. పిడి అంచు దగ్గరుంటుంది. అలా పట్టుకుంటే డాలులో సగం మనిషిని దాటి ఎడమవైపు పోతుంది, కుడి భుజానికి ఆసరా తక్కువ. అందుకే ప్రతివాడూ కుడిపక్కవాడి డాలు నీడకి ఒదుగుతాడు. క్రీ.పూ. 418లో గ్రీసులోని మాంటినియా దగ్గర జరిగిన యుద్ధం గురించి రాస్తూ గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ ఈ సంగతి స్పష్టంగా చెప్పాడు. కుడికొసవాడు తన బోసి పక్కని శత్రువుకి అందకుండా తప్పించుకోబోతాడు, మిగతావాళ్ళూ అదే భయంతో వాడి వెంట జరుగుతారు. సాధన చేసేటప్పుడు అక్కడ అనుభవజ్ఞుణ్ణి నిలబెట్టి, ఎదురుగా దూరాన ఒక చెట్టు చూపించి, దాని మీంచి కన్ను తిప్పవద్దని చెప్పాలి. వాడు వంకరపోతే వరసంతా వంకరే.

ఆ మాంటినియాలోనే స్పార్టా రాజు ఏజిస్ ఈ జారుడుని సరిదిద్దబోయాడు. శత్రువు తన ఎడమ కొసని దాటి పోతున్నాడని అక్కడి దళాలని ఇంకా ఎడమకి జరగమన్నాడు. మధ్యలో ఖాళీ పడింది. దాన్ని పూడ్చమని కుడివైపున్న ఇద్దరు సేనాపతులకి ఆజ్ఞ పంపితే వాళ్ళు కదలనే లేదు. మాంటినియావాళ్ళు ఆ సందులోంచి చొరబడ్డారు. చివరికి స్పార్టావాళ్ళే గెలిచారు గానీ, ఆ ఇద్దరికీ తర్వాత దేశబహిష్కారం అయింది. మిమ్మల్నయితే రబ్బరుతో చెరిపి పక్కన గీస్తే సరి.

అసలు వరసలో ఆజ్ఞ వినబడటమే కష్టం. చెవులు మూసే కంచు శిరస్త్రాణం ఒకటి తగిలించుకుని చూడండి. పక్కన నాలుగో మనిషి వేసిన కేక కూడా సరిగా వినబడదు. స్పార్టావాళ్ళు పిల్లనగ్రోవుల పాటకి నెమ్మదిగా నడిచారని, అది దేవుడి కోసం చేసింది కాదని, అడుగు కలవడానికేనని థ్యుసిడిడీసే రాశాడు. ఆ పాటో డప్పో లేకుండా రెండు వరసల్ని నడిపించి చూస్తే ఆయన మాట విలువ కాసేపట్లోనే తెలిసిపోతుంది.

మారథాన్ యుద్ధపటంలో మీ ముందున్న బాణం గుర్తు మరీ పొడుగు. క్రీ.పూ. 490లో ఎథెన్స్‌వాళ్ళు ఎనిమిది స్టేడియాలు, అంటే సుమారు కిలోమీటరున్నర, పరిగెత్తి పర్షియన్ల మీద పడ్డారని గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ మాట. డాలు ఆరేడు కిలోలు. 1970ల్లో అమెరికాలో విద్యార్థులకి బరువులు కట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూశారు. అంత దూరం అలా పరిగెత్తి పోరాడటం అయ్యే పని కాదని తేల్చారు. ముందు ఓడిపోయేది డాలుని ఛాతీ ఎత్తున పట్టిన చెయ్యి. చాలా దూరం నడిచి, బాణాలు అందే చోట పరుగందుకున్నారంటే నమ్మొచ్చు.

దగ్గర వరసల్లో ఈటె పట్టడం ఇంకో తంటా. చంక కింద పట్టి పొడిస్తే పోటు బలంగానే పడుతుంది. కానీ ఈటె వెనక కొసనా కంచు మొన ఉంటుంది. చెయ్యి వెనక్కి లాగిన ప్రతిసారీ అది రెండో వరసవాడి తొడకో, అంతకన్నా సున్నితమైన చోటుకో తగులుతుంది. భుజం మీంచి ఎత్తి పొడిస్తే ఆ బెడద తగ్గుతుంది, మొన డాళ్ళ అంచు దాటి ముఖాన్నీ మెడనీ వెతుక్కుంటుంది, కాకపోతే భుజం త్వరగా అలసిపోతుంది. పాత కుండల మీది బొమ్మల్లో ఎక్కువగా కనబడేది ఎత్తిన చెయ్యే. ఈ తగవు ఇప్పట్లో తెగదు. ఇరుకు వరసలో మా ఓటు భుజం మీది పోటుకే.

మాసిడోనియా (అలెగ్జాండర్ దేశం) డబ్బా మీకు తమ్ముడు వరస. సారిస్సా అయిదారు మీటర్ల బల్లెం. అయిదు వరసల మొనలు ముందుకి పొడుచుకొచ్చేవని చరిత్రకారుడు పోలిబియస్ లెక్క. అంత పొడుగు కర్రకి కొస ఊగుతూనే ఉంటుంది. అందరూ ఒకే మాట మీద దించకపోతే కర్రలు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. దించాక పక్కకి తిరగాలంటే మళ్ళీ నిలువునా ఎత్తాలి, తిరగాలి, దించాలి. ఈలోగా పక్కనుంచి వచ్చినవాడి పని నల్లేరు మీద నడకే.

అలాగని రీఎనాక్టర్లని నెత్తిన పెట్టుకోవడం లేదు. నలభై మందితో ఎడాలు కొలవచ్చు, వేలమంది ఒత్తిడి కొలవలేరు. మొండి మొనలు, మెడ పైన కొట్టకూడదన్న నియమం, మధ్యాహ్నం లేచి భోజనానికి వచ్చే శవాలు. చావు భయం లేనిచోట వరస చెదరలేదంటే దానివల్ల తేలేది ఏమీ లేదు. డాలు గిన్నెలా లోతుగా ఉండబట్టి వెనకనుంచి తోసినా ఛాతీకి ఊపిరాడే చోటు మిగులుతుందని చేసి చూపించారు. ఒప్పుకుంటాం. తోయడం సాధ్యమని తెలిసింది, అప్పటివాళ్ళు యుద్ధంలో నిజంగా అలా తోశారని తెలియలేదు.

కనుక తమరు పెద్దమనసు చేసుకుని, వచ్చే ముద్రణలో కింద మీటర్ల కొలబద్ద ఒకటి వేయించుకోండి. ముందు గీత కాస్త వంకరగా, కుడివైపు ఒరిగి, మధ్యలో ఒకటి రెండు సందులతో ఉంటే మరీ మంచిది.

ఇట్లు,
మీలోని వెయ్యిమంది తరఫున

తా.క.: మీ వెనక గీత దగ్గర నిలబడేవాణ్ణి ఊరాగోస్ అంటారు. మేలైనవాళ్ళని ముందూ వెనకా పెట్టి, నాసిరకాన్ని మధ్యలో పెట్టమని గ్రీకు రచయిత జెనోఫన్ రచనల్లో ఉంది. ముందువాళ్ళు లాగుతారు, వెనకవాళ్ళు నెడతారు. మధ్యవాడు జారుకోకుండా చూసేది ఈయనే. ఆయనకోసం కూడా ఒక చుక్క పెట్టించండి.