మా పెరటి డెక్ గారికి బహిరంగ లేఖ

చాంటిలీ, వర్జీనియా

పెరటి గుమ్మం ముందు వేసిన చెక్క వేదిక, మహారాజశ్రీ మా పెరటి డెక్ గారికి ఇంటి యజమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. మొన్న తమరిని మార్చి కొత్త డెక్ కట్టడానికి ఎస్టిమేట్‌కి వచ్చినాయన తమరి కాళ్ళలో ఒకదాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. తమరు కిమ్మనలేదు. ఆయనా ఏమీ అనలేదు, ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ తెరిచాడు.

తమరు 1989లో ఇంటితోపాటే పుట్టారని ఇల్లు కొన్నప్పుడు చెప్పారు. కౌంటీ రికార్డుల్లో వెతికితే ఇంటికి పర్మిట్ ఉంది, ఎప్పుడో వాటర్ హీటర్ మార్చినందుకు పర్మిట్ ఉంది, తమరికి లేదు. అంటే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వారి లెక్కలో తమరు అసలు లేరు. లేని డెక్ మీదే మేం ఇన్నేళ్ళూ పుట్టినరోజులు చేశాం, వడియాలు పెట్టాం, మాగాయ ముక్కలు ఎండబెట్టాం, ఉడతలు రాకుండా అమ్మని కుర్చీ వేసి కాపలా కూర్చోబెట్టాం. కరివేపాకు కుండీకి కూడా ఇంతకంటే గట్టి చిరునామా ఉంది.

రెయిలింగ్ సంగతి వేరే చెప్పాలా? కోడ్ (ఇళ్ళ నిర్మాణ నియమాల పుస్తకం) ప్రకారం దాని ఎత్తు కనీసం 36 అంగుళాలు ఉండాలి, కడ్డీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. తమరి కడ్డీల మధ్య మా చిన్నాడి తల దూరింది. వెనక్కి రావడానికి కొబ్బరినూనె కావలసి వచ్చింది.

కోడ్ అడిగేది ఇంకోటి ఉంది. డెక్ అన్నాక చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు మోయాలి. తమరు 16 బై 20, అంటే 320 చదరపు అడుగులు, అంటే 12,800 పౌండ్లు. కాగితం మీద చాలా దర్జాగా ఉంది. కానీ ఆ పుస్తకం రాసినవాళ్ళు తెలుగువాళ్ళ గ్రూప్ ఫోటో చూసి ఉండరు. బిర్యానీ ట్రేల దగ్గర నుంచి, కూల్‌డ్రింకుల దగ్గర నుంచి, అలిగి లోపల కూర్చున్నవాళ్ళతో సహా అందరూ ఒకే మూలకి వచ్చేస్తారు. పైగా ఫోటో తీసేవాడు "ఇంకొంచెం దగ్గరగా జరగండి" అంటాడు. అలాంటి ఒక సందర్భంలో తమరు కిర్రుమన్నారు. మావాళ్ళు పాట సౌండ్ పెంచారు. 2003 జూన్‌లో చికాగోలో ఒక అపార్ట్‌మెంటు వెనక వరండాలు పార్టీ మధ్యలో కూలి 13 మంది చనిపోయారు. దాని మీద జోకు వేయలేను కాబట్టి ముందుకు వెళ్తున్నాను.

ఇప్పుడు తమరి అసలు నేరం. ఇన్నేళ్ళూ అందరి చూపూ తమరి పైభాగం మీదే నిలిచేలా చూసుకున్నారు. తమరిని మార్చాలని అనుకున్న రోజు నుంచి మా ఇంట్లో జరిగిన చర్చంతా రంగు గురించే. కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకల శాంపిల్ ముక్కలు డైనింగ్ టేబుల్ నిండా పరిచాం. బూడిద రంగు, పొగమంచు బూడిద, సముద్రతీరపు బూడిద. వాటిని ఎండలో పెట్టి చూశాం, నీడలో పెట్టి చూశాం, హైదరాబాద్‌లో ఉన్న వదినగారికి వీడియో కాల్‌లో చూపించాం. ఆవిడకి పొగమంచు నచ్చింది. చివరికి హెచ్‌ఓఏ వారు, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వారు, తమకు సమ్మతమైన రంగుల జాబితా పంపారు. అందులో గోధుమ రంగు ఉంది. ముదురు గోధుమ రంగు కూడా ఉంది.

ఎస్టిమేట్లు మూడు వచ్చాయి. మొదటాయన పై పలకలు మాత్రం మారుస్తానని 8,500 డాలర్లు చెప్పాడు. లోపల ఫ్రేమ్ భేషుగ్గా ఉందన్నాడు. భేషుగ్గా ఉందని ఎలా తెలిసిందో మరి, ఆయన నడుం వంచింది బూటు లేసు కట్టుకోవడానికే. రెండో ఆయన నాలుగు పేజీలు పంపాడు: పాతది విప్పి మోసుకెళ్ళడానికింత, గుంతలకింత, రెయిలింగ్ అడుగుకింత, మెట్టుకింత. మామూలు చెక్కతో అయితే 16,000, కాంపోజిట్ అయితే 27,000. మూడో ఆయన విజిటింగ్ కార్డు వెనక ఒకే ఒక అంకె రాసిచ్చాడు. వర్జీనియాలో కాంట్రాక్టర్ లైసెన్సులు పని ఖర్చును బట్టి ఏ, బీ, సీ అని మూడు తరగతులు. తమరిది ఏ క్లాసండీ అని అడిగితే "ఫస్ట్ క్లాస్" అన్నాడు.

నాలుగు పేజీలాయనే తమరి కిందకి దూరి, బట్టలకి మట్టి చేసుకుని బయటకి వచ్చాడు. స్క్రూడ్రైవర్ ఆయనదే. ఆయన చెప్పింది విన్నాక మాకు రంగుల మీద ఆసక్తి పోయింది. మా ఇంటి వెనక గోడకి కనిపించే ఇటుక బరువు మోసే గోడ కాదు, గోడకి తొడిగిన చొక్కా. లోపల ఉన్న చెక్క ఫ్రేమే అసలు గోడ. అలాంటి ఇటుకకి లెడ్జర్ పలక (డెక్‌ని ఇంటికి కలిపే పలక) బిగించి డెక్‌ని వేలాడదీయడానికి కౌంటీ ఇప్పుడు ఒప్పుకోదు. తమరు ఇన్ని దశాబ్దాలుగా ఆ చొక్కా గుండీ పట్టుకుని వేలాడుతున్నారన్నమాట! డెక్కులు కూలితే ఎక్కువసార్లు ఊడేది ఆ లెడ్జర్ దగ్గరేనట.

కొత్త డెక్ ఇంటిని అంటకుండా సొంత కాళ్ళ మీద నిలబడాలి. అంటే ఇంటి వైపు ఇంకో దూలం, దాని కింద ఇంకో వరుస స్తంభాలు, వాటి కింద గుంతలు. మామూలుగా అయితే ఇక్కడ పునాది గుంత 24 అంగుళాల లోతు చాలు, చలికి నేల గడ్డకట్టి పైకి పొంగినా కదలదు. కానీ గోడకి 5 అడుగుల లోపల తవ్వితే లెక్క మారిపోతుంది. ఇల్లు కట్టినప్పుడు బేస్‌మెంట్ చుట్టూ తిరిగి నింపిన మట్టి అది, దాని మీద బరువు నిలపకూడదు. కాబట్టి గుంత బేస్‌మెంట్ పునాది మట్టం దాకా దిగాలి. ఈ ఒక్క పేరాకి రెండో ఆయన వేసింది 4,800 డాలర్లు. పూర్తయ్యాక అందులో ఒక్క డాలరు కూడా పైకి కనిపించదు. వదినగారికి వీడియో కాల్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటారు గానీ, తమరి విషయంలో ఆ మసాలాయే మనుషుల్ని మోసేది.

మామయ్యగారు ఇదంతా విని "హాయిగా అరుగు కట్టించుకోరాదూ" అన్నారు. అరుగుకి లెడ్జర్ లేదు, రెయిలింగ్ లేదు, హెచ్‌ఓఏ రంగు లేదు. నిజానికి మంచి సలహానే. పెరటి తలుపు నేలకి నాలుగడుగుల ఎత్తున ఉండకపోతే వెంటనే ఒప్పుకునేవాణ్ణి.

చెక్క కొనే విద్య కూడా తమరి దయవల్లే అబ్బింది. టూ బై టెన్ అని అమ్మేది రెండూ కాదు, పదీ కాదు. ఒకటిన్నర అంగుళాల మందం, తొమ్మిదింపావు వెడల్పు. 2021 మే నెలలో వెయ్యి బోర్డు అడుగుల చెక్క ధర 1,600 డాలర్లు దాటినప్పుడు, కొన్నాళ్ళు ఆగితే తగ్గుతుందని ఊళ్ళో అందరూ అన్నారు. తగ్గింది. ఈలోపు కూలి పెరిగింది.

ఇక చెక్కా, కాంపోజిటా అన్న పంచాయితీ. చెక్కకి రెండు మూడేళ్ళకోసారి స్టెయిన్, అంటే చెక్కని కాపాడే రంగు పూత, వేయాలి. కాంపోజిట్‌కి ఆ బాధ లేదు, పాతికేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు సేల్స్ అబ్బాయి. ముదురు రంగు కాంపోజిట్ జూలై ఎండలో ఎంత కాలుతుందో అడిగితే "షూస్ వేసుకుంటారు కదా" అన్నాడు. మేం ఇంటి చుట్టుపక్కల చెప్పులు విడిచి తిరిగే జాతి అని ఆ బ్రోషర్‌కి తెలియదు. హెచ్‌ఓఏ ఒప్పుకున్న రెండు రంగుల్లో లేతది మా అమ్మ అరికాళ్ళే ఖాయం చేశాయి. వదినగారు ఇంకా మాట్లాడటం లేదు.

తమరి అంత్యక్రియల గురించి కూడా ఒక మాట. పాత పలకలు దాచిపెట్టండి, భోగి మంటకి పనికొస్తాయి అన్నారు మామయ్యగారు. మిగిలినవాటితో బీర పాదుకి మడి కట్టేద్దామన్నారు. మనసుకి నచ్చే ఆలోచనే. కానీ తమరి వయసు చెక్కకి పురుగు పట్టకుండా క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించేవారు. ఇళ్ళకి వాడే చెక్కలో దాన్ని 2003 చివరితో ఆపేశారు. తమరిని కాలిస్తే ఆర్సెనిక్ పొగలోనూ బూడిదలోనూ ఉంటుంది. భోగినాడు పాతది తగలబెట్టాలన్న మాట నిజమే గానీ, పాషాణాన్ని తగలబెట్టమని ఏ పెద్దలూ చెప్పలేదు. బీరకాయల్లోకీ అది వద్దు. అందుకే విప్పి పారేయడానికి విడిగా 1,900 డాలర్లు. బతికుండగా ఇంటి పన్ను లెక్కలో కూడా లేనివారు, పోయేటప్పుడు రథం అడుగుతున్నారు.

ఎక్సెల్ షీట్‌లో "అనుకోని ఖర్చు" అని 15 శాతంతో ఒక వరుస పెట్టాను. ఇంటి గోడ నుంచి తమరిని ఊడదీశాక, లెడ్జర్ వెనక వానకి నాని పుచ్చిన చెక్క బయటపడితే దానికోసం. ఆ వరుస చూసినవాళ్ళందరికీ దాని మీద ప్లాన్లున్నాయి. మా ఆవిడకి మెట్ల కింద లైట్లు, పెద్దాడికి స్పీకర్లు, ఏడాదికోసారి వచ్చే బావమరిదికి పిజ్జా పొయ్యి. ఈ మొత్తం వ్యవహారంలో ఉచితంగా దొరికేది ఒక్కటే: తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గీతలు గీసి వెళ్తారు.

నాలుగు పేజీలాయనకే పని ఇచ్చాం. పర్మిట్ కాగితాలు వెళ్ళాయి. ఆయన ఏప్రిల్‌లో మొదలుపెడతానన్నాడు, ఏ ఏడు ఏప్రిల్ అన్నది కాంట్రాక్టులో రాయించుకున్నాం. అప్పటిదాకా తమరి మీదకి పోయేది కరివేపాకు కుండీ, అమ్మ కుర్చీ, అమ్మ. గ్రూప్ ఫోటోలు గ్యారేజీ ముందు.

ఇట్లు,
తమరి బరువు మోస్తున్న
ఇంటి యజమాని

తా.క.: తమరి రెయిలింగ్‌కి గుండ్రటి బెజ్జాలు పెట్టింది తుమ్మెదలట. కావ్యాల్లో పూల మీద వాలేవి ఇక్కడ చెక్క తొలుచుకుని కాపురం పెట్టాయి. మందు కొట్టే ఆయన వచ్చి చూసి వెళ్ళాడు. ఆ ఎస్టిమేట్ విడిగా పంపుతాడట.