సవరణ: ఈపాస్ ఒక్కసారి అప్లై చేస్తే మూడేళ్లూ నడవదు

పాలమూరు నుంచి ముంబై, పుణేలకు కూలికి వెళ్లే కుటుంబాల పిల్లల గురించి మొన్న రాసిన పోస్టు చదివి, తెలంగాణ ఈపాస్‌లో (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ అప్లై చేసే వెబ్‌సైట్) ఒకసారి అప్లై చేస్తే డిగ్రీ మొత్తం ఫీజు వస్తుందని కొందరు అనుకున్నారు. అలా కాదు. ఏటా రెన్యువల్ చేయించాలి, హాజరు 75 శాతం ఉండాలి.

అసలు టెన్షన్ ఈ హాజరుతోనే, ఎందుకంటే అమ్మానాన్న దూరాన పని సైట్ దగ్గర ఉంటే ఇంట్లో ముసలివాళ్లనీ తమ్ముళ్లనీ చూసుకునేది ఈ పిల్లలే, ఎవరికి జ్వరం వచ్చినా కాలేజీ మానేది వాళ్లే, అలా నెలా రెండు నెలలు పోతే స్కాలర్‌షిప్పూ చేజారుతుంది. నన్నడిగితే ఫస్టియర్‌లోనే హాస్టల్ సీటు ఇప్పించడం అన్నిటికంటే ముఖ్యం. లెక్చరర్లకు ఒక విన్నపం: వారం రోజులు కనబడకపోతే పేరు కొట్టేయకండి, ముందు ఫోన్ చేయండి.